పొగయోడల వైభవము - డెక్కు ప్రయాణికుని పద్దు

బ్రిటిషు ప్రయాణికనౌకల చరిత్ర యనగానే లోకమునకు స్ఫురించునది యొక వెలుగుల పండుగ. నగిషీపనితనపు మెట్లవరుసలు, గాజుదీపముల గుత్తులు, వాద్యగోష్ఠులు, వెండిపళ్లెరముల వడ్డనలు, పట్టుదుస్తుల దొరసానులు, నాలుగు పొగగొట్టముల మహానౌక. ఈ దృశ్యమును పుస్తకములు వర్ణించినవి. చలనచిత్రములు దేశదేశముల నూరేగించినవి. ఓడ మునిగి శతాబ్దము దాటినను దాని భోజనపు పట్టికలు సయితము వేలములలో నమ్ముడుపోవుచున్నవి. బ్రిస్టలు రేవున 'గ్రేట్ బ్రిటన్' నౌకను, కాలిఫోర్నియా తీరమున 'క్వీన్ మేరీ'ని నేటికిని భద్రపరచి చూపుచున్నారు. చూపుటలో తప్పు లేదు. పూర్వుల పనితనమును గౌరవించుట నాగరికుల ధర్మము. కాని యా దృశ్యమునకు చేయబడుచున్న వ్యాఖ్యానమే మాకు సమ్మతము కాదు. ఆ వ్యాఖ్యాన మిది: స్వేచ్ఛావాణిజ్యమున జనించిన బ్రిటిషు సాహసము సముద్రములను జయించెను, ఖండములను కలిపెను, ఓడ యెరుగని ప్రజలకు ఓడ నిచ్చెను, కావున నా ప్రజలు కృతజ్ఞులై యుండవలెను.

ఈ మాట విదేశీయుల నోటనే వినవచ్చిన నుపేక్షింపవచ్చును. కాని మన పఠనమందిరములలో, మన కచేరీల వసారాలలో, చదువుకొన్న మనవారి నోటనే "రైలు నిచ్చిరి, తపాలా నిచ్చిరి, స్టీమరు నిచ్చిరి" యను పల్లవి నేటికిని వినబడుచున్నది. ఇచ్చిన దెవరు? పుచ్చుకొన్న దెవరు? వెల చెల్లించిన దెవరు? ఈ ప్రశ్నలు వేయకయే తీర్పు వ్రాసికొనుట న్యాయము కాదు. మా వృత్తి న్యాయవాదము. కావున దావా నడిపిన రీతినే యీ విషయమును నడిపింతుము. వివాదాంశములు మూడు. మొదటిది: ఈ నౌకావైభవము స్వేచ్ఛావాణిజ్యఫలమా, సర్కారు ఖజానా ఫలమా? రెండవది: తూర్పు సముద్రములలో నీ యోడలను నింపిన ప్రయాణికు డెవడు, అతనికి దక్కిన దేమి? మూడవది: ఆ ప్రయాణికుని దేశస్థుడు తానుగా ఓడ నడుపబూనినప్పుడు ఆ స్వేచ్ఛావాణిజ్య మెచ్చటికి పోయెను?

ముందుగా ప్రతిపక్షమునకు న్యాయముగా చెందవలసినది చెల్లింతము. 1838 సంవత్సరమున 'సిరియస్', 'గ్రేట్ వెస్టర్న్' అను రెండు ఆవిరియోడలు కొన్ని గంటల యెడముతో నట్లాంటికును దాటి న్యూయార్కు చేరినవి. 1843 సంవత్సరమున బ్రూనెలు నీట దింపిన 'గ్రేట్ బ్రిటన్' ఇనుపదేహము గలది. ప్రక్కల తెడ్లచక్రములకు మారుగా వెనుకభాగమున తిరుగు మరరెక్కతో నడచినది. క్లైడు నదీతీరపు కమ్మరులు, వడ్రంగులు, యంత్రజ్ఞులు చేసిన పని లోకమున కుపకారమే. ఆ శ్రామికుల నైపుణ్యమును మేము కొంచెపరుపము. కాని "ఓడ యెరుగని ప్రజలు" అను మాట మాత్రము అబద్ధసాక్ష్యము. 1825లో ఇంగ్లండు నుండి బయలుదేరిన 'ఎంటర్‌ప్రైజ్' అను పొగయోడ కలకత్తా చేరుటకు 113 దినములు పట్టెను. 1830లో బొంబాయి నుండి సూయజునకు పోయిన 'హ్యూ లిండ్సే' అను పొగయోడ కట్టబడినది బొంబాయి రేవుననే; కట్టినవారు పార్సీలగు వాడియా వంశీయులు. మన గోదావరీముఖమున కోరంగి యందు ఓడలు కట్టుటయు, చెడిన యోడలను బాగుచేయుటయు పొగయోడ పుట్టకముందే జరుగుచుండెను. ఓడ మనకు క్రొత్త కాదు. మనకు లేకపోయినది ఓడను కాపాడు రాజ్యము.

ఇక మొదటి యంశము. సామ్యూలు క్యూనార్డు అట్లాంటికు మీద పొగయోడల వరుస నేర్పరచిన కథను సాహసగాథగా చెప్పుదురు. అతని 'బ్రిటానియా' 1840లో లివర్‌పూలు నుండి బయలుదేరుటకు ముందే, 1839లో, బ్రిటిషు నౌకాశాఖ అతనికి తపాలా మోతకై కంట్రాక్టు నిచ్చెను. దాని విలువ ఏటికి సుమారు 60 వేల పౌండ్లు. టిక్కెట్లు కొను ప్రయాణికులు దొరకుదురో లేదో తెలియక మునుపే సర్కారు సొమ్ము సిద్ధముగా నుండెను. పీ అండ్ ఓ కంపెనీ కథయు నిట్టిదే. 1837లో స్పెయిను, పోర్చుగలు తీరములకు తపాలా కంట్రాక్టు; 1840లో రాజశాసనము; 1842లో 'హిందూస్థాన్' అను ఓడ సౌతాంప్టను నుండి కలకత్తాకు. ఈ తూర్పు తపాలాకై కంపెనీకి ముట్టిన భరణములో భారతదేశపు రాబడి నుండి చెల్లిన భాగమును గలదు. అనగా మన రైతు కట్టిన శిస్తులో కొంత పీ అండ్ ఓ పొగగొట్టములలో పొగయై పోయినది.

బంగాళాఖాతమున మనకు మిక్కిలి సన్నిహితమైన కంపెనీ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. స్కాట్లండు వర్తకుడగు విలియం మాకినన్ 1856లో కలకత్తా, బర్మా రేవుల నడుమ తపాలా కంట్రాక్టును పట్టుకొని దీనిని స్థాపించెను. 1862లో నేటికిని పెద్దలు తలచుకొను పేరును ధరించెను. 1914లో ఇంచ్‌కేపు ప్రభువు చేతిమీదుగా పీ అండ్ ఓతో నేకమయ్యెను. దీని పుట్టుకయు తపాలాపద్దుననే. అట్లాంటికు వైపు మరల చూతము. 1903లో బ్రిటిషు ప్రభుత్వము క్యూనార్డు కంపెనీకి 26 లక్షల పౌండ్లు స్వల్పవడ్డీకి అప్పిచ్చి, ఏటికి లక్షా యేబదివేల పౌండ్ల భరణ మేర్పరచెను. 'లూసిటానియా', 'మారిటేనియా' అను ప్రసిద్ధనౌక లా సొమ్ముతో పుట్టినవి. ఆర్థికమాంద్యమున 1931లో 'క్వీన్ మేరీ' నిర్మాణము నడుమ నిలిచిపోగా, 1934లో పార్లమెంటు చట్టము చేసి 95 లక్షల పౌండ్ల వరకు ఋణసహాయము నిచ్చి, రెండు కంపెనీలను కలిపి, ఆ పని పూర్తిచేయించెను.

మేము దీనిని నిందింపము. ఏ స్వతంత్రదేశమైనను తన నౌకలను తాను పోషించుకొనును. కాని ఖజానాపాలు త్రాగి పెరిగిన బిడ్డను స్వయంభువని చాటుట యేల? తన యోడకు ప్రభుత్వసహాయ మడిగిన భారతీయునకు "వాణిజ్యమున ప్రభుత్వము జోక్యము చేసికొనరాదు" అని నీతిపాఠము చెప్పుట యేల? మొదటి యంశమున తీర్పు స్పష్టము: ఆ వైభవమునకు పునాది సర్కారు సొమ్ము, అందులో మన సొమ్మును గలదు.

రెండవ యంశము మా హృదయమునకు మిక్కిలి దగ్గరది. విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, కాకినాడ రేవుల నుండి రంగూనునకు పోయిన మనవారి నెరుగని కుటుంబము ఉత్తరాంధ్రమున నరుదు. రంగూను వారి నోట 'రంగము'. కోరంగి పేరు బర్మాలో తెలుగు కూలీకే పేరైపోయెను. అక్కడివారు వారిని 'కోరంగీ'లని పిలిచిరి. మేస్త్రీ బయానా యిచ్చును. కూలీ అప్పుపత్రము మీద వ్రేలిముద్ర వేయును. మసూలా పడవ అలల మీద నెగిరెగిరి దూరమున లంగరు వేసిన స్టీమరు ప్రక్కకు చేర్చును. త్రాటినిచ్చెన యెక్కి, మూట ముందు విసరి, తాను వెనుక దూకును. అటుపిమ్మట అతనికి గది లేదు, మంచము లేదు, పేరును లేదు. చట్టమే అతనికి పెట్టిన పేరు 'పడకలేని ప్రయాణికుడు'. 1920 తరువాతి దశాబ్దమున కొన్ని యేండ్లలో భారతదేశము నుండి బర్మాకు పోయినవారి సంఖ్య మూడు లక్షలు దాటెను. వారిలో మిక్కుటమైన భాగము ఈ పడకలేనివారే. కంపెనీ లెక్కలలో ఆదాయమును నింపినవారు వీరు. కంపెనీ చిత్రపటములలో కానరానివారును వీరే.

ఇచ్చట రెండు ఓడలను ప్రక్కప్రక్కన నిలుపుదుము. ఒకటి లోకమంతయు నెరిగిన 'టైటానిక్'. దాని పరిమాణము 46 వేల టన్నులకు పైన. నిండుగా నింపిన నందు పట్టువారు, సిబ్బందితో కూడ, సుమారు 3,300 మంది. రెండవది 'రాజుల'. 1926లో గ్లాస్గోలో కట్టబడి, బ్రిటిష్ ఇండియా కంపెనీ పక్షమున మదరాసు, నాగపట్టణము, పినాంగు, సింగపూరుల నడుమ దాదాపు అర్ధశతాబ్దము తిరిగిన యోడ. మలయా తోటలకు, రేవులకు పోయిన మనవారు ఎక్కిన యోడ. దాని పరిమాణము ఎనిమిదిన్నర వేల టన్నులు మాత్రమే. అనగా టైటానిక్కులో అయిదవవంతుకన్న తక్కువ. మొదట దానికి అనుమతింపబడిన డెక్కు ప్రయాణికుల సంఖ్య అయిదు వేలకు పైచిలుకు! చదువరులు ఈ రెండు లెక్కలను మరల నొకమారు చదువుదురు గాక. అయిదవవంతు ఓడలో ఒకటిన్నరరెట్లు జనము. ఇది దొంగచాటుగా జరిగిన పని కాదు. ముద్ర వేసిన ధ్రువపత్రము ప్రకారము జరిగిన పని. సరకునకు టన్నుల లెక్క, ప్రయాణికునకు చదరపు అడుగుల లెక్క. మూటకును మనిషికిని భేద మొక్కటే: మూటను ఓడవారు ఎత్తిదింపవలెను, మనిషి తనంత తానే యెక్కిదిగును.

1915లో గాంధీ మహాత్ముడు రంగూనులోని తన మిత్రుడు డాక్టరు ప్రాణజీవన మెహతాను చూడబోవుచు కలకత్తా నుండి డెక్కు ప్రయాణికుడుగా పోయెను. స్నానపుగది యని చెప్పబడిన చోటు నమ్మరానంత మురికిగా నుండెననియు, మరుగుదొడ్డికి పోవలెనన్న మలమూత్రములను త్రొక్కుచునో దాటుచునో పోవలసి వచ్చెననియు నాయన తన యాత్మకథలో వ్రాసికొనెను. ఓడ యధికారికి చెప్పుకొనినను ఫలము లేకపోయెను. ఆయన మహాత్ముడు, కావున అది గ్రంథమున కెక్కినది. అదే డెక్కు మీద, చంటిబిడ్డను ఒడిలో నుంచుకొని, వానకు తడిసి, ఎండకు ఎండి, మూడు నాలుగు పగళ్లు గడపిన మన తల్లుల సాక్ష్య మే గ్రంథమున నున్నది?

అసౌకర్యము మాట యట్లుంచి, ప్రాణముల మాట విచారింతము. 1887 మే నెలలో పురీ జగన్నాథస్వామి దర్శనమునకు పోవు యాత్రికులతో కలకత్తా నుండి బయలుదేరిన 'సర్ జాన్ లారెన్స్' అను స్టీమరు తుపానున మునిగి యేడువందలమందికి పైబడి గతించిరి; వారిలో స్త్రీలే యెక్కువ. మరుసటి సంవత్సరమే, 1888 నవంబరులో, కచ్ఛదేశపు మాండ్వి నుండి బొంబాయికి పోవుచు 'వైతరణ' అను స్టీమరు తుపానున అదృశ్యమయ్యెను. సుమారు ఏడువందలమంది జాడ తెలియకపోయెను. దానిలో రక్షణసాధనములు చాలినంత లేవని విచారణలో తేలెను. ఈ రెండు ఓడల పేర్లు మన విద్యార్థులలో నెందరికి తెలియును? 1912లో టైటానిక్కు మునుగగా సుమారు 1,500 మంది గతించిరి. ఆ దుఃఖమును మేము తక్కువ చేయము. అందును మూడవతరగతివారిలో నలుగురికి ముగ్గురు పోయిరి, మొదటితరగతివారిలో సగముకన్న నెక్కువమంది బ్రతికిరి. సముద్రము అందరికి సమమే. లైఫుబోటు మాత్రము తరగతి నెరిగినది. ఓడపై నున్నది 2,200 మంది. పడవలలో చోటు 1,178 మందికి. అయినను చట్టోల్లంఘన మేమియు లేదు. ఏలన నప్పటి నిబంధన 1894 నాటిది. పదివేల టన్నులకు మించిన యోడ నది యూహింపలేదు.

టైటానిక్కు తరువాత లోకము మేల్కాంచినదని చరిత్రకారు లందురు. నిజమే. కాని యెవరి విషయమున మేల్కాంచినది? 1929లో లండనున సముద్రప్రాణరక్షణమునకై రాజ్యములన్నియు గూడి ఒడంబడిక చేసికొనినవి. ఆ యొడంబడికలోనే, పడకలేని ప్రయాణికులను పెద్దసంఖ్యలో మోయు ఓడలకు సాధారణనియమముల నుండి మినహాయింపు నొసగుటకు వీలు కల్పింపబడినది. వారి రక్షణ యెంత? వ్యాపారపరిస్థితులు అనుమతించినంత. దాని ననుసరించి 1931లో ప్రత్యేకనియమములు రచింపబడినవి. అవి రచింపబడిన స్థలము మన సిమ్లా, వాని పేరే సిమ్లా నియమములు. న్యాయశాస్త్రము చదివిన మావంటివారికి ఈ పత్రము చాలును. అట్లాంటికు మీద పోవు దొరకు ప్రాణరక్షణ ముందు, వ్యాపారము తరువాత. బంగాళాఖాతము మీద పోవు కూలీకి వ్యాపారము ముందు, ప్రాణరక్షణ దాని కొలది. ఈ యోడలకు వేరొక అంతర్జాతీయపు ఒప్పందము ఏర్పడుటకు 1971 వరకు ఆగవలసి వచ్చెను.

డెక్కు క్రింద మరియొక లోకము గలదు. కొలిమి యెదుట నిలిచి రాక్షసిబొగ్గు ఎగద్రోయు ఖలాసీల లోకము. మొదటి మహాయుద్ధము ఆరంభమగు నాటికి బ్రిటిషు ఓడలలో సుమారు 50 వేలమంది లస్కర్లు పనిచేయుచుండిరి. వారు సిల్హటు, చట్టగ్రామము, నవఖాలి, రత్నగిరి, గోవా మున్నగు ప్రాంతములవారు. వారి జీతము తెల్లనావికుని జీతములో మూడవవంతు మొదలు అయిదవవంతు వరకు. 1906 నాటి చట్టము తెల్లనావికునకు పండుకొనుటకు 120 ఘనపుటడుగుల చోటు విధించెను. ఆ మేలు లస్కరుకు వర్తింపలేదు. ఒకే యోడ, ఒకే సముద్రము, ఒకే తుపాను. ఘనపుటడుగులు మాత్రము వేరు. యుద్ధమున టార్పెడోలు మాత్ర మీ భేదమును పాటింపలేదు. వేలకొలది లస్కర్లు రెండు యుద్ధములందును సముద్రగర్భమున కలిసిరి.

1941 డిసెంబరున జపానీయులు రంగూనుపై బాంబులు వేసినప్పుడు ఈ నౌకాసామ్రాజ్యపు నిజస్వరూపము వెల్లడియైనది. లక్షలకొలది భారతీయులు, అందు మన తెలుగువారు వేనవేలు, స్వదేశమునకు పరుగిడవలసి వచ్చెను. పోవునప్పుడు అయిదు వేలమందిని నింపికొన్న యోడలు, వచ్చునప్పుడు వారి కందరకు చాలినవి కావు. ఓడలో చోటు దొరకినవారు కొందరు. అరకాను కొండలగుండ, అస్సాము అడవులగుండ, పిల్లలను భుజములపై మోయుచు నడచివచ్చినవారే యధికులు. త్రోవలో కలరాచేతను మలేరియాచేతను ఆకలిచేతను కూలినవారి సంఖ్యను సరిగా వ్రాసికొన్నవారు లేరు. అరువదియేండ్లు కేవు చెల్లించిన ప్రయాణికునకు ఆపత్కాలమున దక్కిన ప్రతిఫల మిది.

మూడవ యంశము. ఇంత అవమానము పడుటకన్న మన యోడలను మనమే నడిపికొనరాదా యని మనవారు తలపకపోలేదు. 1884 ప్రాంతమున జ్యోతిరింద్రనాథ ఠాకూరు బరిసాలు నదీమార్గమున 'సరోజిని' మొదలగు స్టీమర్లు నడిపి, తెల్లకంపెనీ పోటీకి తాళలేక సర్వస్వము కోల్పోయెను. 1906లో తూతుకుడిలో వకీలగు చిదంబరము పిళ్లె స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించెను. మూలధనము పది లక్షలు. ఇరువదియైదేసి రూపాయల వాటాలు నలుబదివేలు. అద్దెకు తెచ్చిన యోడలు ప్రత్యర్థుల యొత్తిడిచే చేజారగా, పట్టువిడువక 'గాలియా', 'లావో' అను రెండు ఓడలను కొని కొలంబోకు నడిపెను. అప్పుడు స్వేచ్ఛావాణిజ్యము తన నిజరూపమును చూపెను. బ్రిటిషు కంపెనీ తలకు ఒక రూపాయికి కేవు తగ్గించెను. స్వదేశీ కంపెనీ అర్ధరూపాయికి తగ్గించెను. అంతట తెల్లకంపెనీ వారు కేవు లేకుండనే యెక్కించుకొని, పైపెచ్చు గొడుగొకటి బహుమానముగా నిత్తుమనిరని ప్రసిద్ధి. ఎన్ని యేండ్లు పడకలేని ప్రయాణికుని యెండవానల పాలు చేసిన కంపెనీకి, స్వదేశీయోడ ప్రక్కన నిలిచిన నాడు గదా గొడుగు జ్ఞప్తికి వచ్చినది!

గొడుగు చాలనప్పుడు చెరసాల వచ్చెను. 1908 మార్చిలో పిళ్లెను నిర్బంధించిరి. ఉపన్యాసములు చేసిన నేరమునకును, సుబ్రహ్మణ్య శివకు ఆశ్రయ మిచ్చిన నేరమునకును రెండు యావజ్జీవశిక్షలు విధించిరి. అపీలున శిక్ష తగ్గినను కోయంబత్తూరు చెరసాలలో ఎద్దు వలె గానుగ త్రిప్పించిరి. 1912 డిసెంబరున నతడు విడుదలయై వచ్చుసరికి కంపెనీ లేదు; 1911లోనే మూతపడెను; దాని యోడలలో నొకటి ప్రత్యర్థి కంపెనీకే యమ్ముడుపోయెను. పోటీలో నోడిన వర్తకునికి దివాలా గలదు. గానుగ యెచ్చటను లేదు. గానుగ త్రిప్పించిన వాణిజ్యమును స్వేచ్ఛావాణిజ్య మనువారికి భాషాజ్ఞానము కొరత.

1919 ఏప్రిలు 5వ తేదీన సింధియా కంపెనీవారి 'లాయల్టీ' బొంబాయి నుండి లండనునకు బయలుదేరెను. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మున్నగువారు దీనికి మూలపురుషులు. వెంటనే రంగూను బియ్యపు మోతకూలి టన్నుకు పదునెనిమిది రూపాయల నుండి ఆరు రూపాయలకు కూలద్రోయబడెను. కంపెనీని కొనివేయజూచిరి, వారు అమ్మలేదు. తుదకు 1923లో చేసికొన్న యొడంబడికలో ఇన్ని టన్నులకు మించి ఓడలు ఉంచరాదనియు, తీరపు ప్రయాణికులను మోయరాదనియు కట్టడి. సర్కారువారే నియమించిన సంఘము 1924లో తీరవాణిజ్యమును క్రమముగా భారతీయుల ఓడలకు ప్రత్యేకింపవలెనని సిఫారసు చేసెను. 1928లో హాజీగారు శాసనసభలో దానికై బిల్లు తెచ్చిరి. అది చట్టము కాలేదు. పైగా 1935 నాటి రాజ్యాంగచట్టము బ్రిటిషు నౌకలపై ఏ విధమైన వివక్షయు చూపరాదని మన శాసనసభల చేతులు కట్టివేసెను. 1903లో 26 లక్షల పౌండ్లు పోసినప్పుడు లేని వివక్ష, తన తీరమున తన యోడ నడుపుకొందునని భారతీయు డన్నప్పుడు పుట్టినది.

ఇక ప్రతిపక్షుని తుది వాదమునకు ప్రత్యుత్తర మీయవలెను. "మీ వారి యోడలు మాత్రము మేలా?" యని యడుగుదురు. న్యాయమైన ప్రశ్న. 1947 జూలై 17వ తేదీన, స్వాతంత్ర్యమునకు నెలకు లోపుగా, భారతీయుల యాజమాన్యముననే యున్న 'రామదాస్' అను స్టీమరు కిక్కిరిసిన జనముతో బొంబాయి నుండి రేవసునకు పోవుచు బోల్తాపడి, ఆరువందలకు పైగా ప్రాణములు పోయెను. మేము దీనిని దాచము. దాచుట స్వదేశాభిమానము కాదు. లోభమునకు చర్మపు రంగు లేదు. కాని మనిషిని చదరపుటడుగులతో కొలుచు విద్యను ఈ తీరమున చట్టముగా నేర్పినదెవరో మరువరాదు. ఆ విద్యను నేర్చుకొన్న మనవారిని క్షమింపనురాదు. స్వదేశీయోడ కావలసినది లాభము స్వదేశమున నుండుటకు మాత్రమే కాదు. అందెక్కిన చిట్టచివరి బీదవాడు క్షేమముగా దిగుటకు. 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు విశాఖపట్టణమున సింధియా నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసినదియు, 1948 మార్చిలో జవహర్‌లాలుగారు 'జల ఉష'ను నీట దింపినదియు ఈ యాశయముతోనే. ఏ తీరమున మన కూలీ మసూలా పడవ యెక్కి పరదేశపు స్టీమరు నందుకొనెనో, ఆ తీరముననే మన యోడ పుట్టినది. 1950 నాటికి తీరవాణిజ్యము మన యోడలకు దక్కినది.

"ఆ స్టీమర్లే లేకున్న మీ కూలీలకు కూడెక్కడిది?" యనువారును గలరు. నిజమే, రంగము సొమ్ము ఎన్నియో కాపురములను నిలిపినది. మా వృత్తిలో చూచిన పాతదస్తావేజులలో "రంగము నుండి తెచ్చిన సొమ్ముతో" కొన్న భూములు తారసిల్లినవి. వానిలో చెక్కుబందీలు నాలుగును గలవు. అమ్మినవాని పేరు, కొన్నవాని పేరు గలవు. ఆ సొమ్ము తెచ్చినవాడు ఏ యోడ మీద, ఎంత చోటున, ఎన్ని రాత్రులు ముడుచుకొని పండెనో లేదు. కూడు పెట్టినది అతని రెక్కలు, కంపెనీ కాదు. కంపెనీ అతని యాకలిని టిక్కెట్టుగా మార్చి అమ్ముకొనినది.

కాలము తన తీర్పు తాను వ్రాసినది. 'రాజుల' 1973లో భారతప్రభుత్వపు షిప్పింగు కార్పొరేషనుకు అమ్ముడుపోయి, స్వల్పకాలముననే ఉక్కుముక్కలుగా విరువబడినది. బ్రిటిష్ ఇండియా కంపెనీ పేరు పీ అండ్ ఓలో కలిసిపోయెను. 1998లో క్యూనార్డు అమెరికా కంపెనీ వశమయ్యెను. 2006లో పీ అండ్ ఓ రేవులు, పడవలు దుబాయివారు కొనిరి. కొనినవారికి పేరు ముట్టినది, పతాక ముట్టినది, గాజుదీపముల కీర్తి ముట్టినది. డెక్కు ప్రయాణికుని ఋణము మాత్రము ఎవరి ఖాతాలోను కెక్కలేదు.

ఆ ఋణమును ధనరూపమున మేము కోరుట లేదు. చరిత్రలో చోటు కోరుచున్నాము. అదియు నింకొకరు ఇచ్చునది కాదు, మనమే వ్రాసికొనవలసినది. పఠనమందిరములవారికి మా విన్నప మొక్కటి. ఒక్కొక్క పఠనమందిరమున ఒక్కొక్క పుస్తకము తెరువుడు. మీ యూరి నుండి రంగమునకు, మలయాకు, మారిషసుకు, నేటాలుకు, ఫిజీకి పోయినవారి పేర్లు పెద్దల నడిగి వ్రాయుడు. ఇంటి అటకలపై నున్న మనియార్డరు రశీదులు, ఉత్తరములు, పాతటిక్కెట్లు, మేస్త్రీల పత్రములు చెదపాలు కాకముందే నకలు తీయుడు. నడచివచ్చిన తాతల కథను మనుమలచేత వ్రాయింపుడు. ఇంగ్లండువారు తమ మొదటితరగతి భోజనపు పట్టికలను ఇంత భద్రముగా దాచుకొనగా, మన పడకలేని ప్రయాణికుని పేరైనను మనము దాచుకొనలేమా?

నౌకాచరిత్రను ఇంతవరకు పై మేడ నుండి చూచి వ్రాసిరి. ఇకమీదట డెక్కు మీద నుండి, కొలిమి యొద్ద నుండి వ్రాయవలెను. అప్పుడుగాని ఓడ ఎంత పెద్దదో, దానిని నడిపిన ఆవిరి ఎవరి చెమటయో లోకమునకు తెలియదు.